పరిశోధన వ్యాసములు – వాని ప్రచారము – వాని వ్యాప్తి

(వార్షిక మహాసభ విద్యావిభాగమున గావించిన ఉపన్యాసము)



ఈ విభాగమున ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు విషయనిర్ణయ భారమును నాకే విడిచిరి. వెదకికొనవలసిన పని నాకు లేకపోయినది. కార్యక్రమ పత్రికయందే విషయము కాననైనది. మధ్యాహ్న సమావేశమునకు రానున్న తీర్మానములలో మూడవదానిని మీరెల్లరు చదివియుందురు. మన సంఘీయులలో విజ్ఞానశాస్త్ర పరిశోధన చేయుచున్న యువతీయువకులకు ఏటేట నొక బహుమానమీయవలెననియు, అభ్యర్థుల యోగ్యతను నిర్ణయించునపుడు వారి వ్యాసము సామాజిక మాధ్యమములలో ఎంతమందికి చేరినదో ఆ సంఖ్యనుగూడ లెక్కింపవలెననియు దాని సారాంశము. బహుమానమీయ సంకల్పించినవారి ఔదార్యమునకు నేను చేతులెత్తి మ్రొక్కుచున్నాను. రెండవ భాగమును గూర్చియే నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

వర్తకులును, కర్షకులును, వైద్యులును, ఉద్యోగులును కలసిన సభ యిది. కాన పరిశోధన వ్యాసమననేమో ముందుగా చెప్పుట తగును. పరిశోధకుడు తాను చేసిన ప్రయోగమును, కనుగొన్న ఫలితమును వ్రాసి యొక శాస్త్రపత్రికకు పంపును. సంపాదకుడు దానిని ఆ విద్య తెలిసిన ఇద్దరు ముగ్గురకు చూపును. వారు తప్పులు పట్టుదురు, ప్రశ్నలు వేయుదురు, కొన్నిసారులు త్రోసిపుచ్చుదురు. ఆ పరీక్షకు నిలచినది అచ్చగును. తరువాత దానిపై ఆధారపడి వేరొకరు తమ పరిశోధనమును సాగించినచో, తమ వ్యాసమున దాని పేరు చెప్పుదురు. దీనికే ఉల్లేఖమని పేరు. ఫలానివారి అంగడి సరకు వాడితిమని చిట్టాలో వ్రాసికొనుట వంటిది. ఒక వ్యాసమునకు ఉల్లేఖములు పెక్కులున్నచో అది విద్వాంసులకు ఉపయోగపడినదని లోకము భావించుచున్నది. ఆ భావమునందును లోపములు గలవు. వానిని నేడు విప్పినచో భోజనవేళ దాటిపోవును.

ప్రపంచమున ఏటేట ఇరువది లక్షలకు మించిన పరిశోధన వ్యాసములు అచ్చగుచున్నవి. ఆ సంతలో తన సరకును ఎవరైన చూతురాయని క్రొత్తగా వచ్చిన పరిశోధకుడు దిగులుపడుట సహజము. అందుచేత అతడు తన వ్యాసమును గూర్చి ట్విట్టరులోను, ఫేసుబుక్కులోను, లింక్డిన్‌లోను చాటుకొనుచున్నాడు. అట్టి ప్రస్తావనలను లెక్కపెట్టుటకు సంస్థలు వెలసినవి. ఉల్లేఖములను మాత్రమే గాక జాలములోని ప్రస్తావనలనుగూడ లెక్కింపవలెనని 2010లో కొందఱు పండితులు ఒక ప్రకటన వెలువరించిరి. ఆ కొలతలకు ‘ఆల్ట్‌మెట్రిక్స్’ అని పేరు పెట్టిరి. మఱుసటి యేడే ఆ పేరుతో నొక వ్యాపారసంస్థయు పుట్టినది. నేడు పెక్కు పత్రికలలో వ్యాసము ప్రక్కన రంగురంగుల వలయమొకటి, దాని నడుమ నొక సంఖ్య కనబడును. ఆ సంఖ్యనే మన మూడవ తీర్మానము బహుమాన పరీక్షలోనికి తేదలచినది.

మన పిల్లలు తమ పనిని చాటుకొనుట తప్పని నేననను. ఉద్యోగమునకును, పరిశోధన ద్రవ్యమునకును పోటీ యెంత తీవ్రముగా నున్నదో ఆ పిల్లల తల్లిదండ్రులెఱుగుదురు. మౌనముగా నుండుము, గుర్తింపు తానే వచ్చునని ఉపదేశించుట సులభము. అట్లు మౌనముగా నున్న మొరేవియా సన్యాసి గ్రెగర్ మెండెల్ వంశపారంపర్యమును గూర్చి 1865లో ప్రసంగించి, 1866లో అచ్చువేయించి, ప్రతులను విద్వాంసులకు పంపియు, 1884లో గుర్తింపు లేకయే మరణించెను. లోకము ఆ వ్యాసమును తెఱచినది 1900లో. ముప్పది నాలుగేండ్లు వేచియుండుమని మన బిడ్డలకు చెప్పజాలము.

అయితే చాటుట వేఱు, చదువబడుట వేఱు. మన సంఘపు వాట్సాప్ బృందమునే చూడుడు. మనవారి బిడ్డ యెవరిదైన వ్యాసము పత్రికలో వచ్చినదని తెలియగానే జోడించిన చేతుల బొమ్మలును, పూలగుత్తులును, ‘శుభాకాంక్షలు’ అను మాటయు గంటలోపల వందకు తక్కువ గాకుండ వచ్చిపడును. అది ప్రేమ, దానిని నేను పరిహసింపను. ఆ వందమందిలో వ్యాసమును తెఱచినవారెందఱని అడుగుట మర్యాద కాదు గనుక ఎన్నడు నడుగలేదు. కాని లెక్కించు యంత్రమునకు ఈ మర్యాద తెలియదు. దాని దృష్టిలో వ్యాసపు పేరు బొటనవ్రేలి క్రింద జారిపోయినను అది ‘చేరినట్లే’.

ప్రచారము వలన వ్యాసమునకు నిజముగా మేలు కలుగునా యను ప్రశ్నకు శాస్త్రజ్ఞులే జవాబు వెదకినారు. ఆ కథ వినదగినది. మొదటి సాక్ష్యము నా వాదమునకు ఎదురు చెప్పునదే. అయినను దానినే ముందు చెప్పుట న్యాయము.

అమెరికాలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అను ప్రసిద్ధ వైద్యపత్రిక గలదు. అందలి వ్యాసములను గూర్చి ‘న్యూయార్క్ టైమ్స్’ దినపత్రిక తఱచుగా వార్తలు ప్రకటించును. అట్లు వార్తకెక్కిన వ్యాసములకు ఉల్లేఖములు అధికముగా వచ్చుచుండెను. కారణమేమి? వార్త చదివి వైద్యులు ఆ వ్యాసమును పట్టించుకొనిరా? లేక విలేఖరి గొప్ప వ్యాసములనే ఏరికొనుటచే, వార్త లేకున్నను వానికి అంత గౌరవము కలుగుచుండెడిదా? ఈ చిక్కు విప్పుటకు దైవికముగా నొక సందర్భము లభించినది. 1978లో ఆ దినపత్రికయందు సమ్మె జరిగి సుమారు 12 వారములు పత్రిక అమ్మకమునకు రాలేదు. కాని దాఖలా కొఱకు సంచికలు మాత్రము తయారగుచునే యుండెను. అనగా విలేఖరి వ్యాసములను ఏరినాడు, వార్త వ్రాసినాడు. జనులు మాత్రము దానిని చదువలేదు. డేవిడ్ ఫిలిప్స్ అను పండితుడును ఆయన సహచరులును ఆ రెండు కాలములను పోల్చిచూచి 1991లో ఫలితమును ప్రకటించిరి. పత్రిక మామూలుగా వెలువడిన కాలమున వార్తకెక్కిన వ్యాసములకు మొదటి సంవత్సరమున తక్కినవానికంటె నూటికి 72.8 వంతున అధికముగా ఉల్లేఖములు వచ్చినవి. సమ్మె కాలమున ఏరబడిన వ్యాసములకు అట్టి ఆధిక్యమేమియు లేదు. కాబట్టి ప్రచారమునకు దాని బలము దానికి గలదు. దీనిని కాదనుట సాధ్యము గాదు.

కాని ఆ ప్రచారమెట్టిదో గమనింపుడు. ఒక విలేఖరి వ్యాసమును చదివి, పది వ్యాసములలో నొకటి యెన్ని, తెలిసినవారినడిగి, నలుగురకు బోధపడునట్లు వ్రాసి, తన పత్రిక పరువును దానికి తాకట్టు పెట్టినాడు. నేటి ‘పంచికొనుట’ అట్టిది కాదు. వ్రేలితో నొక్కిన చాలును.

సామాజిక మాధ్యమముల విషయమున మొదట వచ్చిన వార్తలు ఉత్సాహకరముగానే యుండెను. 2011లో గుంథర్ ఐసెన్‌బాఖ్ అను సంపాదకుడు తన పత్రికలోని 55 వ్యాసములను పరీక్షించి, ట్విట్టరులో మిక్కిలిగా ప్రస్తావింపబడినవి మిక్కిలిగా ఉల్లేఖింపబడుటకు 11 రెట్లు అవకాశము గలదని వ్రాసెను. ఆ 11 రెట్లు అను మాట నేటికిని ఉపన్యాసములలో తిరుగుచున్నది. మన తీర్మానపు పీఠికలోగూడ అది యున్నది. కాని 55 వ్యాసములు చిన్న సంఖ్య. అంతకంటె ముఖ్యము, ఇది జంటగా కనబడినవానిని చెప్పుచున్నదే గాని, ఏది దేనికి కారణమో చెప్పుటలేదు. కోడి కూయుటయు తెల్లవాఱుటయు జంటగనే జరుగును గదా.

కారణమును తేల్చుటకు మార్గమొకటే. కొన్ని వ్యాసములను చీట్లు వేసినట్లు, ఎవరి యిష్టమునకును తావీయక ఏరి, వానికి మాత్రము ప్రచారము చేసి, తక్కినవానిని పోలిక కొఱకు విడిచిపెట్టవలెను. మందులను పరీక్షించు పద్ధతి యిదియే. ‘సర్క్యులేషన్’ అను హృద్రోగ పత్రికవారు ఇట్లు 243 వ్యాసములపై పరీక్ష చేసి 2015లో ఫలితము ప్రకటించిరి. ప్రచారము చేసిన వ్యాసములను ముప్పది దినములలో చూచినవారి మధ్యస్థ సంఖ్య 409, చేయనివానికి 392. ఆ భేదము లెక్కకు రాదు. మఱి వక్షశస్త్రవైద్యుల బృందమొకటి 112 వ్యాసములపై చేసిన పరీక్షలో, 2020లో వెలువడిన ఫలితము ప్రకారము, సంవత్సరాంతమునకు ట్విట్టరులో చాటిన వ్యాసములకు సగటున 3.1 ఉల్లేఖములు, చాటనివానికి 0.7 మాత్రమే వచ్చినవి. ఇది ప్రచారమునకు అనుకూలమైన సాక్ష్యము. దానిని మఱుగుపఱచుట నాకిష్టము లేదు.

అటుపిమ్మట వచ్చినది 2024లో ‘ప్లాస్ వన్’ పత్రికలో అచ్చయిన పరీక్ష. దానిని చేసినవారు ట్విట్టరునకు శత్రువులు గారు. అచ్చట వేలకొలది అనుచరులు గల శాస్త్రజ్ఞులే. వారు 11 మంది. ఒకే పత్రికలో ఒకే నెలలో వచ్చిన ఐదు వ్యాసములను తీసికొని, అందొకదానిని చీటివలె ఏరి చాటుట, తక్కిన నాలుగింటిని విడుచుట వారి పద్ధతి. ఒక్కొక్కరు పదేసి వ్యాసములను చాటిరి. చాటిన దినమున ఆ వ్యాసములను దింపికొన్నవారి సంఖ్య రెండున్నర రెట్లకు పైగా పెరిగినది. ట్విట్టరు ప్రస్తావనలును, ఆ రంగుల వలయములోని సంఖ్యయు పెరిగినవి. మూడేండ్లు వేచి ఉల్లేఖములను లెక్కించిరి. అందు కనబడిన భేదము యాదృచ్ఛికము కాదని చెప్పుటకు చాలనంత స్వల్పము. తమ కీర్తికి ఆధారమైన పనినే పరీక్షకు పెట్టి, ఫలితమును దాచక ప్రకటించిన ఆ పదునొకండుగురి నిజాయితీని నేను బహుమానార్హమని తలచుచున్నాను.

కాబట్టి తీర్మానకర్తలను నేనడుగునదేమనగా, మూడేండ్ల పిదప నిలుచునో నిలువదో తెలియని ఆ దినపు సందడిని మన విద్యానిధి ఏల కొనవలెను?

ఇంకొక చిక్కు గలదు. కాఫీ త్రాగిన ఆయువు పెరుగునా యను వ్యాసమును లోకమంతయు పంచికొనును. బీజగణితమున ఎన్నో యేండ్లుగా తెగని చిక్కును విప్పిన వ్యాసమును పంచికొనువారు ఎందఱుందురు? మన అభ్యర్థులలో నొకరు వరి తెగుళ్లను గూర్చియు, నొకరు చేప గ్రుడ్లను గూర్చియు, నొకరు గణితమును గూర్చియు శ్రమించుచుండ, వారినెల్లర నొకే తక్కెడలో తూచుట ఎట్లు? ఆ తక్కెడయైనను మన చేతిలో నున్నదా? ట్విట్టరు 2022 అక్టోబరులో చేతులు మారినది, 2023 జూలైలో పేరు మార్చుకొని ‘ఎక్స్’ అయినది. దానిని విడిచి పెక్కుమంది శాస్త్రజ్ఞులు బ్లూస్కై మొదలగు చోట్లకు మరలిరి. పదేండ్లు అచ్చట అనుచరులను కూడబెట్టుకొన్నవారు అద్దె యింట మేడ కట్టినవారివలె మిగిలిరి. అట్టి చోటి లెక్కను ఏటేట నడువవలసిన బహుమానమునకు పునాదిగా వేయుట వివేకము గాదు.

ఇంతవరకు చెప్పినది ధననష్టమును, అన్యాయమును గూర్చి. వ్యాప్తి వలన ప్రాణములకే ముప్పు కలిగిన సందర్భమును మనమందఱము చూచితిమి. 2020 మార్చి 20వ తేదీన ఫ్రాన్సు దేశపు పరిశోధకుల వ్యాసమొకటి వెలువడినది. కరోనా రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మందు పనిచేయుచున్నదని దాని సారము. అందలి రోగులు 36 మంది మాత్రమే. మఱుసటి దినమే అమెరికా అధ్యక్షుడు ట్రంపు ట్విట్టరులో ఆ మందును కొనియాడెను. మన దేశమునను ఆ దినములలోనే వైద్యసిబ్బంది ముందుజాగ్రత్తగా దానిని పుచ్చుకొనవచ్చునని భారత వైద్య పరిశోధన మండలి సూచించినది. మన బృందములో ఆ వార్త ఎన్నిమారులు తిరిగినదో మీరెఱుగుదురు. ఆ మందునే నిత్యము వాడవలసిన కీళ్లవాతపు రోగులకును, లూపస్ రోగులకును అమెరికాలో మందు కొఱత యేర్పడినది. 2020 జూన్‌లో బ్రిటనులో వేలకొలది రోగులపై చేసిన పరీక్షలో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఆ మందు వలన మేలు లేదని తేలినది. మొదటి వ్యాసమును పత్రిక ఉపసంహరించినది ఎన్నడు? 2024 డిసెంబరులో! నాలుగేండ్ల పైచిలుకు. ఈలోపల దానికి వచ్చిన ఉల్లేఖములు వేలు. సంఖ్యయే కొలమానమైనచో మన బహుమానము దానికే దక్కవలసినది.

అబద్ధము నిజముకంటె వేగముగా పోవునని మన పెద్దలు అనుభవముతో చెప్పినదానిని 2018లో ‘సైన్స్’ పత్రికలోని వ్యాసమొకటి లెక్కలతో చూపినది. 2006 మొదలు 2017 వరకు ట్విట్టరులో తిరిగిన సుమారు 1,26,000 వార్తాధారలను పరిశీలింపగా, అసత్యవార్త మఱియొకరికి పంపబడుటకు సత్యవార్తకంటె నూటికి 70 వంతులు అధికముగా అవకాశముండెను. 1,500 మందికి చేరుటకు సత్యమునకు ఆఱు రెట్లు కాలము పట్టినది. యంత్రములు పంపినవానిని తీసివేసి చూచినను ఫలితము మారలేదు. అనగా ఆ పని మన వ్రేళ్లదే.

ఇట్లు చెప్పుటచే ఈ మాధ్యమములు కేవలము హానికరములని మీరు గ్రహింపవలదు. 2010 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పెద్ద యార్భాటముతో సభ జరిపి, భాస్వరమునకు బదులు పాషాణముతో బ్రదుకు సూక్ష్మజీవి కాలిఫోర్నియాలోని మోనో సరస్సున దొరకినదని చాటినది. కెనడాలోని సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలు రోజీ రెడ్‌ఫీల్డ్ ఆ వ్యాసమును చదివి, అందలి లోపములను తన జాలపుటలో బహిరంగముగా వ్రాసినది. పిదప తానే ప్రయోగము చేసి, ఆ పనిని దినదినము అందఱు చూచునట్లు ప్రకటించినది. 2012లో ఆ మతమును ఖండించు వ్యాసములు ‘సైన్స్’ పత్రికలోనే వెలువడినవి. మూలవ్యాసమును ఆ పత్రిక 2025 జూలైలో ఉపసంహరించినది. ఢిల్లీలోని పరిశోధకులు కొందఱు కరోనా సూక్ష్మజీవికిని, ఎయిడ్సు సూక్ష్మజీవికిని ‘విచిత్రమైన పోలిక’ గలదని 2020 జనవరి 31న పరీక్షకు ముందే యొక వ్యాసమును జాలమున నుంచిరి. అది క్షణములలో లోకమంత వ్యాపించినది. అదే జాలమున ఎందఱో శాస్త్రజ్ఞులు అది పొరపాటని చూపగా, ఫిబ్రవరి 2న వ్యాసకర్తలే దానిని వెనుకకు తీసికొనిరి. మూడు దినములలో ముగిసిన ఆ వ్యవహారము పూర్వపు పద్ధతిలో మూడేండ్లు పట్టియుండెడిది. చదివినవాడు ప్రశ్నించుటకును ఈ మాధ్యమము పనికివచ్చును. కాని అట్టి ప్రశ్నలుగూడ ఆ లెక్కలో ఒక్కొక్క ప్రస్తావనగానే చేరును! తిట్టినను పొగడినను సంఖ్య పెరుగును.

ఇక వ్యాప్తి యనగా ఎవరికి చేరుట? దీనిని గూర్చి మన తెలుగునాటి దృష్టాంతమొకటి చెప్పుదును. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలు బిగిసి, నడుములు వంగి, కీళ్లు కదలక మంచములు పట్టినవారిని పరిశీలించి, దానికి కారణము త్రాగునీటియందలి ఫ్లోరైడని షార్ట్ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును వైద్య పరిశోధన పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఆ గ్రామములు తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన ప్రాంతములోనివి. లోకమందలి పండితులు ఆ వ్యాసమును నేటికిని ఉల్లేఖించుచున్నారు. విద్వల్లోకమున దాని వ్యాప్తికి లోపము లేదు. కాని అది ఆంగ్లమున వ్రాయబడినది. ఏ బావి నీటిని గూర్చి వ్రాసిరో, ఆ బావి నీరు తోడుకొనువారికి ఆ భాషయు రాదు, ఆ పత్రికయు రాదు. అటుపిమ్మట దశాబ్దములు గడచినను ప్రకాశము, నల్లగొండ జిల్లాలలో వంగిన నడుములు కనబడుచునే యుండెను. పటికను, సున్నమును కలిపి నీటియందలి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు పరిశోధనాలయమువారు 1970ల నాటికి గాని రూపొందింపలేదు. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. మన ఊరి పేరు లోకమునకెక్కిన తీరది. వ్యాసము తెలుగున వచ్చియుండినచో నీరు మారియుండెడిదని నేను చెప్పను. నీరు మారుటకు ధనమును, కాలువలును, ప్రభుత్వ సంకల్పమును కావలెను. కాని అడుగుటకు ముందు తెలియవలెను గదా!

దీనికి ఎదురైన దృష్టాంతమును భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన తన్ను తాను చాటుకొనలేదన్నది జగద్విదితము. 1948లో న్యూయార్కున మరణించునాటికి ఆయన పేరు మన యింటింట తెలియదు. అయినను అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున తయారైన డైఇథైల్‌కార్బమజీన్ అను బోదకాలు మందు బిళ్లలను మన కోస్తా గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి పంచిరి. ఆ బిళ్ల మ్రింగిన ముసలమ్మకు వ్యాసము చేరలేదు, సుబ్బారావుగారి పేరు చేరలేదు; పరిశోధనము చేరినది. ఏ వలయములోను ఈ సంఖ్య కనబడదు.

మన పిల్లల వ్యాసములు చదువబడకుండుటకు మఱియొక కారణము గలదు. అది ప్రచారలోపము గాదు, తాళము. పెక్కు పత్రికలు చందా కట్టినవారికే వ్యాసమును తెఱచును. వాట్సాపులో వచ్చిన లంకెను నొక్కిన మన ఊరి వైద్యునికి డాలర్లలో వెల కనబడును. తాళము తీసి అచ్చువేయుమన్నచో వ్యాసకర్తయే రుసుము చెల్లింపవలెను. ‘నేచర్’ పత్రిక ఈ పద్ధతి ప్రవేశపెట్టినపుడు 2021 నాటికి ఒక్క వ్యాసమునకు నిర్ణయించిన రుసుము 9,500 యూరోలు. మన విద్యానిధి ఎందఱు విద్యార్థుల చదువునకు సరిపోవునో ఆలోచింపుడు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకమునకు మూడేండ్లకుగాను 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 30 ప్రచురణసంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలవారికి అందుబాటులోనికి వచ్చుట మేలే. కాని విద్యాసంస్థకు వెలుపలనున్న రైతునకును, ఊరి వైద్యునకును ఆ ద్వారము తెఱువబడలేదు. అయితే పెక్కు పత్రికలు అచ్చునకు ముందటి వ్రాతప్రతిని వ్యాసకర్త ఉచిత భాండాగారమున నుంచుటకు అనుమతించుచున్నవి. దానికి కానీ ఖర్చు లేదు. నిబంధన చదివి, అరగంట శ్రమపడవలెను. ఆ అరగంట పనిని మన పిల్లలలో చాలమంది చేయుటలేదు. వలయములోని సంఖ్యను చూచుటకు మాత్రము దినమునకు నాలుగుమారులు పోవుచున్నారు.

కావున మూడవ తీర్మానమునకు సవరణమొకటి ప్రతిపాదించుచున్నాను. సామాజిక మాధ్యమ వ్యాప్తి సంఖ్యయను మాటను తొలగింపవలెను. అభ్యర్థి తన వ్యాసముతోబాటు, ఆ వ్యాసమున తాను ఏమి కనుగొన్నదియు, ఎట్లు కనుగొన్నదియు, ముఖ్యముగా ఆ వ్యాసము ఏమి నిరూపింపలేదో ఆ సంగతియు నాలుగు పుటలకు మించక తెలుగున వ్రాసి పంపవలెను. ఆ విద్య తెలిసినవారు ఇద్దఱు మూలవ్యాసమును చదివి యోగ్యత నిర్ణయింతురు. వారు మన సంఘీయులే కానక్కఱలేదు, కాకుండుటయే మేలు. తెలుగు వ్రాతను మాత్రము ఆ విషయముతో పని గలవారు చదువవలెను. వరి తెగులును గూర్చినదైనచో వరి పండించు రైతు, మధుమేహమును గూర్చినదైనచో ఆ వ్యాధి గల గృహిణి. వారికి బోధపడనిచోట గుర్తుపెట్టి తిరిగి పంపుదురు; అభ్యర్థి దిద్దవలెను. గణితము వంటి విద్యలకు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని నియమింపవచ్చును. ‘మా కుమార్తె అమెరికాలో పెరిగినది, తెలుగు వ్రాయలేదు’ అని నిన్న యొక మిత్రుడనినాడు. ఆమె చెప్పగా వారి తాతగారు వ్రాయవచ్చును. ఆ సంభాషణము వలన ఇరువురకును లాభమే.

వ్రాతప్రతి ఉచిత భాండాగారమున నున్నట్లు ఆధారము చూపినపిదపనే బహుమాన ద్రవ్యమీయవలెను. ఆ తెలుగు వ్రాతలను ఏటేట మన సంచికలో అచ్చువేయవలెను. జిల్లాశాఖలవారు వానిని వాట్సాపులోనికి నిక్షేపముగా పంపుకొనవచ్చును, ఆ పంపకమునకు నా దీవెనలు. మందులను గూర్చిన వార్త ఏదైన మన బృందములోనికి వచ్చినపుడు, సంఘ సభ్యులైన వైద్యులలో నొకరు మూలవ్యాసమును చూచితిమని చెప్పువఱకు దానిని ముందునకు పంపరాదను నియమమును గూడ ఈ సవరణమునకు చేర్చితిని. ఇందుకు ముగ్గురు వైద్యులు తమ పేర్లను ఈ ప్రాతఃకాలముననే నాకిచ్చియున్నారు. కోశాధికారిగారి లెక్క ప్రకారము అచ్చుకూలి తప్ప అధిక వ్యయము లేదు. సవరణ ప్రతులు ద్వారము వద్దనున్న బల్లపై నున్నవి. అధ్యక్షులవారు అనుమతించినచో మధ్యాహ్న సమావేశమున దీనిని ప్రవేశపెట్టుదును; బలపఱచువారొకరు కావలెను.